నీ రాయి ఏదో చదివి కనిపెట్టాలి: పిల్లలకు వర్ణన నేర్పే ఆట

"తోటను వర్ణించండి" అని బోర్డు మీద రాస్తే ఏం వస్తుందో పాఠం చెప్పిన ఎవరికైనా తెలుసు. "తోట చాలా అందంగా ఉంది. తోటలో రకరకాల పూలు ఉన్నాయి. పక్షులు కిలకిలా అరుస్తున్నాయి. నాకు తోట అంటే చాలా ఇష్టం." ముప్పై నోటుపుస్తకాలు దిద్దితే ముప్పై తోటలూ ఒకటే తోట. ఏ పిల్లా ఏ తోటనూ చూసి రాయలేదు.

నేనూ చాలాకాలం ఇలాగే రాయించాను. పిల్లల దగ్గర మాటలు లేవనుకుని పర్యాయపదాల పట్టికలు ఇచ్చాను, విశేషణాలు కంఠతా పట్టించాను. "అందమైన" పోయి "రమణీయమైన" వచ్చింది, అంతే. అసలు చిక్కు ఎక్కడుందో తర్వాత తెలిసింది. పిల్లలు రాసిన ఆ వర్ణనతో ఎవరికీ పనిలేదు. టీచర్ చదువుతారు, మార్కులు వేస్తారు, పుస్తకం మూస్తారు. ఆ రాతను నమ్ముకుని ఎవరైనా ఒక పని చేయాల్సి వచ్చినప్పుడు కదా, "ఇది చదివితే వాళ్లకి తెలుస్తుందా?" అన్న ఆలోచన రాసేవాళ్లకి వచ్చేది.

రాయి ఆటలో ఆ పని ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక గులకరాయి ఇస్తాం. అది ఎలా ఉందో కాగితం మీద రాస్తారు. తర్వాత రాళ్లన్నీ కలిపేస్తాం. ఇంకొకరు ఆ కాగితం చదివి, కుప్పలోంచి సరిగ్గా ఆ రాయినే తీయాలి. దొరికితే వర్ణన పనిచేసినట్టు. దొరక్కపోతే ఎక్కడ తేడా వచ్చిందో టీచర్ చెప్పక్కర్లేదు, రాసినవాళ్లకే తెలిసిపోతుంది.

మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎవరితోనైనా ఆడించవచ్చు. 45 నిమిషాల పీరియడ్లు రెండు కావాలి, అవి వరుసగా దొరికితే ఇంకా మంచిది. ఒక్క పీరియడ్‌లో కానిచ్చేద్దామనుకుంటే చివర్లో తిరగరాసే భాగం ఎగిరిపోతుంది. నా లెక్కలో పిల్లలు నిజంగా నేర్చుకునేది అక్కడే. దాన్ని మాత్రం వదులుకోకండి.

రాళ్లు ఏరడం

తరగతిలో ముప్పైమంది ఉంటే 40 రాళ్లు తెచ్చుకోండి. అదనంగా తెచ్చినవి ఎవరికీ ఇవ్వరు, కలిపేటప్పుడు కుప్పలో వేస్తారు. అవి లేకపోతే ఆఖరున వెతికేవాళ్లకి చదివే పనే ఉండదు, మిగిలిన ఒక్క రాయే జవాబు అయిపోతుంది.

పొడవు 4 నుంచి 6 సెంటీమీటర్లు, అంటే పిల్లల పిడికిట్లో ఇమిడేంత ఉంటే చాలు. పగలగొట్టిన కంకర వద్దు, అంచులు కోసుకుంటాయి. నీళ్లలో దొర్లి, ఒకదానికొకటి రాసుకుని నునుపుదేరిన గులకరాళ్లు మేలు. ముందురోజే కడిగి ఆరబెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, రాళ్లు ఒకదాన్నొకటి పోలి ఉండాలి. మొదటిసారి నేను చూడ్డానికి బాగుంటాయని రంగురంగులవి తీసుకెళ్లాను. ఒకమ్మాయి "నా రాయి ఎర్రగా ఉంది" అని ఒక్క వాక్యం రాసి పెన్ను పక్కన పెట్టేసింది. తను చేసింది సరైన పనే. కుప్పలో ఎర్ర రాయి అదొక్కటే, ఆ ఒక్క మాటతోనే దొరికిపోయింది. ఇంకో మాట రాయాల్సిన అవసరమేముంది? అప్పటినుంచీ రంగు, సైజు దాదాపు ఒకేలా ఉన్నవే ఏరుతున్నాను. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే అనిపించాలి. "అన్నీ ఒకేలా ఉన్నాయి కదా టీచర్, ఏం రాస్తాం?" అని పిల్లలు గొడవ చేస్తారు. చేయనివ్వండి. పావుగంట తర్వాత అదే పిల్లలు తమ రాయిని ఇంకొకరు పొరపాటున తీసుకుంటే ఊరుకోరు.

రాళ్లు దొరకనప్పుడు ఒకే చెట్టు ఆకులు, పాత తాళంచెవులు, వాడి అరిగిన పెన్సిళ్లు పనికొస్తాయి. ఆకులైతే ఆట అదే రోజు ముగించాలి. మర్నాటికి వడిలిపోయి, రాసినదానికీ చేతిలో ఉన్నదానికీ పొంతన ఉండదు.

ముందు కళ్లు మూసుకుని

రాళ్లు పంచగానే పెన్నులు లోపల పెట్టించండి. ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ రాయకూడదు. ఇది చాలామంది టీచర్లు దాటవేసే మెట్టు, పీరియడ్ వృథా అవుతోందని టెన్షన్ వస్తుంది. కానీ పెన్ను చేతిలో ఉంటే పిల్లల చూపు కాగితం మీదే ఉంటుంది. రాయి కేసి ఒకసారి చూస్తారు, "నల్లగా, గుండ్రంగా" అని రాసేసి కూర్చుంటారు.

కళ్లు మూసుకోమనండి. కంటికి రాయి కనబడగానే "ఇది రాయి, నాకు తెలుసు" అని బుర్ర తేల్చేస్తుంది. వేళ్లకి అంత తొందర ఉండదు. మెల్లగా, ఒక్కో ప్రశ్నకీ కాస్త వ్యవధి ఇస్తూ అడగండి:

"రాయిని అరచేతిలో పెట్టుకోండి. ఏ వైపు బరువుగా ఉంది? బొటనవేలు ఎక్కడ కుదురుగా కూర్చుంటోంది? చూపుడువేలిని అంచు చుట్టూ తిప్పుకుంటూ రండి, ఎక్కడ తట్టుకుని ఆగింది? గోటితో గీరండి, ఏం చప్పుడు వచ్చింది? చెంపకి ఆనించుకోండి. ఎంతసేపటికి ఆ చల్లదనం పోయింది?"

వీటిలో బొటనవేలి ప్రశ్న బాగా పనిచేస్తుంది. పైకి నున్నగా కనబడే రాయిలో కూడా సాధారణంగా ఎక్కడో ఒకచోట చిన్న పల్లం ఉంటుంది. అది దొరకగానే పిల్లల ముఖం మారిపోతుంది. "టీచర్, నా వేలు కోసమే చేసినట్టుంది" అని ఒకబ్బాయి కళ్లు మూసుకునే అరిచాడు. తర్వాత వాడు రాసిన మొదటి వాక్యం కూడా అదే.

ఇప్పుడు కళ్లు తెరిచి, రాయిని కిటికీ వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూడమనండి. ఒక్కో రాయి మీద ఒక్క చుక్క నీళ్లు వేయండి. తడిసిన చోట రంగు ముదురుతుంది, అప్పటిదాకా కనబడని చారలు తేలతాయి. ముక్కు దగ్గర పెట్టుకోమనండి. ఎండిన నేల మీద తొలకరి పడినప్పుడు వచ్చే వాసన లీలగా తగలవచ్చు. ఆ వాసనకి పెట్రికోర్ అనే పేరు ఉంది. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో పెట్టిన పేరది. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఇకోర్ అంటే పురాణాల్లో దేవతల ఒంట్లో పారే ద్రవం. ఈ సంగతి చెబితే పిల్లలు ఇంకోసారి శ్రద్ధగా వాసన చూస్తారు. నాలుక మీద మాత్రం పెట్టుకోకూడదని ముందే చెప్పండి, ఎవరో ఒకరు తప్పకుండా ప్రయత్నిస్తారు.

బోర్డు నిండా మాటలు

ఇంకా పెన్నులు తీయొద్దు. బోర్డు మీద ఆరు గడులు గీయండి: ఆకారం, రంగు, తాకితే, చప్పుడు, కొలత, గుర్తులు. పిల్లలు చెబుతుంటే మీరు రాయండి. మీ అంతట మీరు మాటలు అందించకండి. కాసేపు నిశ్శబ్దంగా ఉన్నా పర్లేదు, ఆగండి.

మొదట "గుండ్రం, నలుపు, నున్న" అని మూడు మాటలు వస్తాయి. అప్పుడు ఒక రాయి పైకెత్తి, దాని మీదున్న పల్లాన్ని చూపించి, "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడగండి. "ఇంట్లో" అన్న మాటతో తాళం తీసినట్టవుతుంది. సొట్ట, నొక్కు, గుంట, లొత్త అని నాలుగు వైపుల నుంచీ వస్తాయి. ఎత్తుగా ఉన్నదాన్ని చూపిస్తే బొడిపె, బుడిపె, కాయ కట్టినట్టు అంటారు. గాటు, చార, పగులు, బీట, పెచ్చు, మొన, కొస, మరక, చుక్క... ఇవన్నీ పిల్లలు రోజూ వాడే మాటలే. నోటుపుస్తకంలో రాయదగ్గవని ఎవరూ చెప్పకపోవడం వల్ల రాయరు. పుస్తక భాష వేరు, ఇంటి భాష వేరు అనే గోడ పిల్లల మనసులో చాలా చిన్నప్పుడే లేస్తుంది. ఆ గోడ పడితే రాత దానంతట అదే కదులుతుందని నా నమ్మకం. ఎవరి ఇంటి మాటనూ "అది తప్పు, ఇలా అనాలి" అని దిద్దకండి. ఒకే సొట్టకి నాలుగు మాటలు వస్తే నాలుగూ రాయండి.

రంగు దగ్గర కొంచెం ఆగండి. నలుపు అన్నది ఒక్క రంగు కాదని చూపించాలి. బొగ్గు నలుపు, మసి నలుపు, బూడిద కలిసిన నలుపు, వెలిసిపోయిన నలుపు. తెల్లగా ఉండటం వేరు, తెల్లతెల్లగా ఉండటం వేరు. రెండోదాన్లో తెలుపు పూర్తిగా లేదు, ఛాయ మాత్రమే ఉంది. ఒక మాటను రెండుసార్లు అనడంతో ఇంత తేడా తెచ్చే వీలు మన భాషలో ఉంది, పిల్లలు దాన్ని తెలియకుండానే వాడుతుంటారు. చోటు చెప్పేటప్పుడూ అంతే. "మధ్యలో" అంటే సుమారుగా మధ్యలో. "నట్టనడుమ" అంటే ఇక అటూ ఇటూ జరగదు. "చివర" కన్నా "చిట్టచివర" ఖచ్చితం. వ్యాకరణం పీరియడ్‌లో ఆమ్రేడిత సంధి కింద బట్టీ పట్టిన మాటలు ఇక్కడ రాయిని పట్టించడానికి పనికొస్తాయి.

కొలతల గడిలో స్కేలు వాడనివ్వకండి. గోరంత, పిసరంత, రెండు వేళ్ల వెడల్పు, బెత్తెడులో సగం అని చెప్పమనండి. "ఎవరి గోరు?" అని తప్పకుండా ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న, బోర్డు మీద రాసిపెట్టండి. చదివేవాళ్ల చేయి వేరు అన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

చివరగా బోర్డు మూలన ఐదు మాటలు రాసి కొట్టేయండి: అందమైన, బాగుంది, చాలా, రకరకాల, అద్భుతం. ఈ రెండు పీరియడ్లూ ఇవి నిషేధం. "ఎందుకు టీచర్?" అంటే, చేతిలోని రాయిని చూపించి, "ఇందులో అందం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అనండి. సొట్టని చూపించగలరు, చారని చూపించగలరు. అందాన్ని చూపించబోతే మళ్లీ ఆ సొట్టనో చారనో చూపించాల్సి వస్తుంది. "మరి కాగితం మీద అదే రాసెయ్" అని చెప్పండి.

ఇప్పుడు రాయడం

పదిహేను నిమిషాలు ఇవ్వండి. మూడు, నాలుగు తరగతులకు నాలుగు వాక్యాలు చాలు. ఆరు, ఏడు తరగతులకు ఎనిమిది. హైస్కూలు పిల్లలైతే వంద మాటల పేరా అడగవచ్చు. కాగితం మీద పేరు వద్దు. ఒక మూలన మీకు మాత్రమే అర్థమయ్యే నంబరు వేయండి. తగాదా వస్తుందనిపిస్తే ఒక్కో రాయినీ ఆ నంబరు పక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. నాకు ఆ ఫొటోలు చూడాల్సిన పని ఇప్పటిదాకా పడలేదు. పావుగంట చేతిలో ఉంచుకున్న రాయిని ఏ పిల్లా మరిచిపోదు.

ఏ వరుసలో రాయాలన్నది వాళ్లకే వదిలేయండి. కొందరు మొత్తం ఆకారంతో మొదలుపెట్టి గుర్తుల దగ్గరికి వస్తారు. కొందరు వేలికి తగిలిన గుంటతో మొదలుపెడతారు. రెండూ మంచివే. ఒక వాక్యం రాసి అక్కడే ఆగిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లి, రాయిని తలకిందులుగా తిప్పి పెట్టి వచ్చేయండి. ఏమీ చెప్పక్కర్లేదు.

పెద్ద తరగతులకు ఒక పోలిక అయినా ఉండాలనే షరతు పెట్టండి. కానీ పోలికను పరీక్షించాలి. "నా రాయి చందమామలా ఉంది" అని ఒకరు రాస్తారు. ఏ విషయంలో? తెలుపా, గుండ్రనా, మచ్చలా? ఉపమలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు చెబుతాం కదా. పిల్లలు మొదటి రెండూ పెట్టి "లా" తగిలించి వదిలేస్తారు. సమానధర్మం చెప్పకపోతే రాయి దొరకదు. ఒకబ్బాయి "ముడుచుకుని పడుకున్న కుక్కపిల్లలా ఉంది, తల వైపు లావు, తోక వైపు లోపలికి తిరిగింది" అని రాశాడు. అది చదివిన అమ్మాయి పది రాళ్లలోంచి రెండు సెకన్లలో తీసింది. ఆ రోజు ఉపమ గురించి నేను ఇంకేమీ చెప్పలేదు.

కలపడం, వెతకడం

రెండో పీరియడ్. పిల్లల్ని ఏడెనిమిది మంది చొప్పున గుంపులు చేయండి. ఒక్కో గుంపు రాళ్లకి రెండు మూడు అదనపు రాళ్లు చేర్చి, ఒక గుడ్డ మీదో న్యూస్‌పేపర్ మీదో పరచండి. ముప్పై రాళ్లూ ఒకేచోట పోస్తే తొక్కిసలాట తప్ప వెతకడం ఉండదు. కాగితాలు గుంపులోనే తారుమారు చేసి పంచండి, ఎవరి కాగితం వాళ్లకి రాకుండా చూడండి.

నియమాలు రెండే. రాసినవాళ్లు నోరు మెదపకూడదు, కళ్లతో సైగ కూడా చేయకూడదు. ఇది వాళ్లకి చాలా కష్టం, తన రాయి పక్కనుంచి చేయి వెళ్లిపోతుంటే పిల్లలు కుర్చీలో నిలవలేరు. రెండో నియమం వెతికేవాళ్లది. చేతిలో పెన్సిల్ ఉండాలి. ఏ మాట వల్ల రాయి దొరికిందో దాని కింద గీత గీయాలి. ఏ మాట దగ్గర తికమక పడ్డారో అక్కడ ప్రశ్నార్థకం పెట్టాలి. ఆట అయిపోయాక మిగిలేది ఈ గీతలే, కాబట్టి వీటి విషయంలో పట్టుగా ఉండండి.

రాయి దొరికిన జంటల దగ్గర మీకు పెద్ద పనేమీ ఉండదు. దొరకని జంటల పక్కన కూర్చోండి. ఒకసారి నేను చూసింది చెబుతాను. ఆరో తరగతి అమ్మాయి ఇలా రాసింది:

"నా రాయి కోలగా ఉంది. నల్లగా ఉంది. దాని మీద తెల్ల చార ఉంది. నున్నగా ఉంది. పట్టుకుంటే చల్లగా ఉంది."

తప్పు ఒక్కటి లేదు. చదివిన అబ్బాయి నమ్మకంగా ఒక రాయి తీశాడు. అది ఆ అమ్మాయిది కాదు. ఆ అమ్మాయికి కోపం వచ్చింది, "తెల్ల చార అని రాశాను కదా!" అంది. వాడు మాట్లాడకుండా గుడ్డ మీది నుంచి ఇంకో నాలుగు రాళ్లు తీసి వరుసగా పెట్టాడు. అన్నిటి మీదా తెల్ల చార ఉంది. అన్నీ కోలగానే ఉన్నాయి. అన్నీ నలుపే. ఆ అమ్మాయి కాసేపు ఆ ఐదు రాళ్లనీ చూసింది. తర్వాత తన రాయిని తీసుకుని, మిగతావాటి పక్కన పెట్టి, "నా చార సగంలోనే ఆగిపోయింది, వీటివి చుట్టూ తిరిగాయి" అంది. అప్పటిదాకా తనకి తన రాయి ఒక్కటే తెలుసు. మిగతావి చూశాకే తన రాయిలో ఏది తనదో కనబడింది.

అలాంటి చోట మీరు చేయాల్సింది "మరి అది కాగితం మీద రాసెయ్" అనడం ఒక్కటే. "నీ వర్ణన బాగాలేదు" అన్న మాట రానివ్వకండి. వెతికినవాళ్లని కూడా "సరిగ్గా చదవలేదు" అనకండి. "ఏ మాట చూసి ఈ రాయి తీశావు?" అని అడిగితే చాలు.

అక్కడికక్కడే తిరగరాయడం

కాగితాలు రాసినవాళ్లకి తిరిగి ఇవ్వండి. పది నిమిషాలు. మొత్తం కొత్తగా రాయమంటే పిల్లలు డీలా పడతారు. ప్రశ్నార్థకం ఉన్నచోట రెండు వాక్యాలు చేర్చమనండి, ఎవరికీ పనికిరాని వాక్యం ఒకటి కొట్టేయమనండి. గుంపులో ఎన్ని రాళ్లకి సరిపోతే ఆ వాక్యం అంత పనికిరానిదని అర్థం. "పట్టుకుంటే చల్లగా ఉంది" అనేది గుడ్డ మీద ఉన్న ప్రతి రాయికీ సరిపోతుంది.

ఆ అమ్మాయి రెండోసారి రాసింది ఇది:

"నా రాయి కోలగా ఉంటుంది కానీ ఒక కొస సన్నం, ఒక కొస లావు. సన్నటి కొస దగ్గర తెల్ల చార అడ్డంగా మొదలై, సగం దూరం వెళ్లి ఆగిపోతుంది. చార ఆగినచోట గోరు పట్టేంత గుంట ఉంది. పైన నున్నగా ఉన్నా అడుగున వేలు రాస్తే ఇసుక అంటుకున్నట్టు గరుగ్గా తగులుతుంది. బల్ల మీద పెడితే నిలవదు, చార ఉన్న వైపుకి ఒరుగుతుంది."

వీలైతే ఇలాంటి జంట రాతలు, ముందుదీ తర్వాతదీ, రాసినవాళ్లు ఒప్పుకుంటే బోర్డు మీద పక్కపక్కన రాయండి. ఏం మారిందో పిల్లల్నే చెప్పమనండి. "వివరాలు ఎక్కువయ్యాయి" అంటారు మొదట. ఇంకా అడగండి. మొదటి రాతలో ప్రతి వాక్యమూ "ఉంది" తోనే ముగిసింది. రెండోదాంట్లో చార మొదలవుతోంది, వెళ్తోంది, ఆగుతోంది. రాయి ఒరుగుతోంది. కదలని వస్తువు గురించి రాస్తూ ఇన్ని క్రియలు వచ్చాయి. వర్ణనంటే విశేషణాలు పేర్చడం అని మనమే పిల్లలకి అలవాటు చేశాం. క్రియ చేసే పని విశేషణం చేయలేదని ఈ రెండు పేరాలు చూపిస్తాయి.

హైస్కూలు పిల్లలకి ఇక్కడే స్వభావోక్తి గురించి చెప్పవచ్చు. ఉన్నది ఉన్నట్టు, కళ్లకి కట్టేటట్టు చెప్పడాన్ని మన వాళ్లు ఒక అలంకారంగానే లెక్కపెట్టారు. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో అర్థాలంకారాల వరుసలో మొట్టమొదట పెట్టింది దీన్నే, జాతి అని దీనికి ఇంకో పేరు కూడా చెప్పాడు. చెవులు రిక్కించి బెదురు చూపులు చూసే జింకల ఉదాహరణ పిల్లలు పాఠంలో చదివే ఉంటారు. సగంలో ఆగిన తెల్ల చార కూడా స్వభావోక్తేనని చెబితే, ఆ అలంకారం ఇక వాళ్లకి లక్షణం, లక్ష్యం రాసే రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోదు.

మార్కుల సంగతి

ఈ కాగితాల మీద అక్షరదోషాలు దిద్దకండి, కనీసం ఆ రోజు. ఎర్ర ఇంకు పడగానే పిల్లలు తెలిసిన మాటల్లోకి వెనక్కి వెళ్లిపోతారు. "గరుగ్గా" స్పెల్లింగ్ రాదని "నున్నగా" అని రాసేస్తారు, రాయి గరుగ్గా ఉన్నా సరే. దిద్దాల్సినవి ఉంటే మూడు రోజుల తర్వాత సాఫీ రాసేటప్పుడు చూసుకోవచ్చు. మార్కులు తప్పనిసరైతే మొదటి రాతకి వేయకండి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎంత దూరం నడిచారో దానికి వేయండి.

రాయడం ఇంకా పట్టుబడని పిల్లలు ఉంటే వాళ్లు చెబుతుంటే మీరో, పక్కనున్నవాళ్లో రాయండి. మాట వాళ్లదే ఉండాలి, మీరు సర్దకూడదు. చూపు తక్కువున్న పిల్లలకి ఇది చాలా అనువైన ఆట. వేళ్లతో చూడటం వాళ్లకి అలవాటే. వాళ్లు రాసిన లేదా చెప్పిన వర్ణనను మిగతావాళ్లు కళ్లకి గంతలు కట్టుకుని వెతికితే ఇంకా బాగుంటుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నా ఆడుకోవచ్చు, ఎనిమిది రాళ్లు సరిపోతాయి.

రాయి దొరికాక

ఇక్కడిదాకా వచ్చింది ఖచ్చితత్వం. వర్ణనకి ఇంకో పని కూడా ఉంది, చదివేవాళ్ల మనసులో ఏదో ఒకటి కదపాలి. అది వేరే రోజుకి పెట్టుకోండి. అదే రాయి మళ్లీ చేతికిచ్చి, తరగతిలో సగంమందికి "ఇది ఒకరు దూరం వెళ్లిపోతూ నీకు ఇచ్చిన రాయి" అని, మిగతా సగంమందికి "ఇది చీకట్లో నీ కాలికి తగిలి వేలు చితక్కొట్టిన రాయి" అని చెప్పండి. ఇష్టం, బాధ, కోపం, గుర్తు అన్న మాటలు రాయకూడదు. రాయి గురించే రాయాలి.

ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి రాసింది ఇంతే: "మూడు రోజులుగా జేబులోనే ఉంది. తీసి చూడను. వేలు పెడితే చాలు, ఆ గుంట తగులుతుంది." నేను చదువుతుంటే తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది. మొదటి ఆటలో గుంటని వెతికి పట్టుకోకపోతే ఆ వాక్యం వాడికి దొరికేది కాదు. ఏది రాయాలో ఎంచుకోవాలంటే ముందు అన్నీ చూసి ఉండాలి కదా. అందుకే ఈ రెండు ఆటల వరుసను మార్చకండి. భావంతో మొదలుపెడితే మళ్లీ "చాలా అందమైన" దగ్గరికే వచ్చి ఆగుతారు.

రాయి తర్వాత చోటు, చోటు తర్వాత మనిషి. చోటు అయితే బడిలోనే ఏదో ఒక మూల ఎంచుకుని రాసి, ఇంకొకరు చదివి వెళ్లి సరిగ్గా అక్కడ నిలబడాలి. మనిషి దగ్గర జాగ్రత్త. తోటి పిల్లల్ని వర్ణించమని ఎప్పుడూ అనకండి. రంగు, లావు, పళ్లు, ఎత్తు మీదికి వెళ్తుంది, నవ్వు మొదలవుతుంది, ఒకరు ఏడుస్తారు. ఇంట్లో ఒకరి చేతుల్ని, ఏదో పని చేస్తుండగా చూసి రాయమనండి. ముఖం వద్దు, చేతులు మాత్రమే. గుంటలూ చారలూ గాట్లూ చూడటం అప్పటికే వచ్చేసి ఉంటుంది.

చివరగా ఒక ఏర్పాటు. కాగితాలూ రాళ్లూ ఒక పెట్టెలో దాచి, వారం తర్వాత పక్క సెక్షన్‌కి పంపండి. వాళ్లు ఈ రాళ్లని ఎప్పుడూ చూడలేదు, రాసినవాళ్లు ఎవరో కూడా తెలియదు. ఎన్ని రాళ్లు దొరికాయో, ఎక్కడెక్కడ ప్రశ్నార్థకాలు పడ్డాయో కాగితాలు తిరిగి వచ్చినప్పుడు మీ పిల్లలు ఎగబడి చూసుకుంటారు. ఆ రోజు పాఠం ఏదీ పెట్టుకోకండి, పెన్సిళ్లు చెక్కించి ఉంచండి. తిరగరాస్తామని వాళ్లే అడుగుతారు.